టూత్‌బ్రష్ వెళ్ళిపోయిన తేదీ

వకీలు ఇమ్లాక్ గారికి తేదీల పిచ్చి. స్కాట్లండ్ ఉత్తరాన మా విక్ రేవులో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆయన నోట ముందు వచ్చే మాట "ఏ తేదీన?"

రొట్టెల కొట్టు ఎల్స్పెత్ ఒకసారి "మా ఆయన కాలు విరిగిందండీ" అని కళ్ళొత్తుకుంది.

"ఏ తేదీన?"

"విరగ్గొట్టుకునేముందు క్యాలెండర్ చూసుకోలేదు లెండి! రొట్టె కావాలా, వద్దా?"

ముసలి సింక్లేర్ అంత్యక్రియల్లో అయితే శవపేటిక మీది పేరు రేకు చూసి, చనిపోయిన తేదీ ఒక రోజు తప్పని మోసేవాళ్ళను ఆపేశారు. మేకుతో గీకి అంకె దిద్దేదాకా ఆరుగురూ వానలో నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు.

ఇక టైపిస్టు కర్స్టీన్ పడ్డ పాట్లు చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్ళ కొలువులో తేదీ ఒక్క అంకె తేడా వచ్చినా ఎర్ర పెన్సిల్ గీతతో కాగితం తిరిగొచ్చేది. ఇంట్లో పాలసీసా తీసినా ఎర్ర గీత ఉందేమోనని చూసుకునేది.

విడాకులకు వచ్చేవాళ్ళకూ అదే ప్రశ్న. అక్కడ మాత్రం చట్టం ఆయన పక్షం. ఆలుమగలు ఏ రోజున వేరయ్యారో ఆ రోజు దగ్గర మా స్కాట్లండ్ చట్టం గీత గీస్తుంది. అప్పటిదాకా కాపురంలో కూడినది ఇద్దరిదీ, ఆ తర్వాత కొన్నది ఎవరిది వాళ్ళదే.

చివరికి విడాకులకు సిద్ధపడ్డ కర్స్టీన్ దాకా ఆ ప్రశ్న వచ్చింది.

"మీ ఆయన మాగ్నస్ ఏ తేదీన వెళ్ళాడమ్మా?"

"ఒక్కసారిగా వెళితే కదండీ చెప్పడానికి! ముందు గాలాలు వెళ్ళాయి. తర్వాత రేడియో. ఆఖర్న టూత్‌బ్రష్."

"టూత్‌బ్రష్ ఏ తేదీన?"

"ఏడుస్తూ కూర్చున్నదానికి తేదీ ఎక్కడ గుర్తుంటుందండీ?"

చిక్కంతా అక్కడే ఉంది. మేనత్త పోతూ ఇచ్చిన డబ్బుతో కర్స్టీన్ ఏప్రిల్ మూడున సముద్రపు ఒడ్డున రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. అంతకుముందే విడిపోయి ఉంటే ఇల్లు పూర్తిగా ఆమెది. లేకపోతే, మేనత్త డబ్బుతో కొన్నదైనా సరే, మాగ్నస్‌కూ వాటా. వాటా ఇవ్వాలంటే ఇల్లు అమ్ముకోవాల్సిందే.

మాగ్నస్ చెడ్డవాడేం కాదు. తన వకీలును వెంటబెట్టుకుని వచ్చి తల గోక్కున్నాడు. "మార్చో, ఏప్రిలో. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ గుర్తులేదు."

ఈసారి ఇమ్లాక్ గారు తేదీ అడగలేదు. బల్ల అడుగు సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టారు. ఎవరో రైతుకు గొర్రెల కంచె గురించి కర్స్టీన్ టైపు చేసిన ఉత్తరం. పైన తేదీ: 9 జూన్ 1979.

"ఇది మా పెళ్ళిరోజు కదా!" అన్నాడు మాగ్నస్.

దాని పక్కనే ఎర్ర పెన్సిల్‌తో అసలు తేదీ ఉంది: 12 మార్చి 1998, గురువారం, ఉదయం పది.

మాగ్నస్ ఆ ఎర్ర అంకెల మీద వేలు పెట్టాడు. "గురువారం... మా అన్న వ్యాను దొరికింది ఆ రోజే. పొద్దున్నే బ్రష్ తీసుకుని వెళ్ళిపోయాను. అవును, ఆ రోజే. రాసుకోండి." సంతకం పెట్టేశాడు.

ఇల్లు నిలిచింది. వాళ్ళు వెళ్ళాక కర్స్టీన్ కళ్ళు తుడుచుకుని ఆయన మీదకు వెళ్ళింది.

"పదిహేనేళ్ళలో నా తప్పు ఒక్కటి వదల్లేదు కదా మీరు! దీన్ని ఎందుకు వెనక్కి పంపలేదు?"

"నేనే మళ్ళీ టైపు చేసి రైతుకు పంపాను." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాలుగు తప్పులొచ్చాయి."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున ఏడ్చిన కళ్ళతో తను వచ్చిన కాసేపటికే, టైపు మిషన్‌కు నూనె పెట్టాలంటూ ఆయన తనను ఇంటికి పంపేశారు.

"అవునూ, నూనె పెట్టారా?"

"ఆఁ, పెట్టాను."

"ఏ తేదీన?"

ఇమ్లాక్ గారు కిటికీలోంచి రేవు వైపు చూశారు.

"గుర్తులేదమ్మా" అన్నారు.