ఒంటెకి దారి మూసిన మావయ్య

మా మావయ్యకి చదరంగంలో ఒకే ఒక్క ఎత్తు పిచ్చి. తెల్ల ఒంటె మూలగా వచ్చి మన గుర్రం మీద కన్నేస్తే, లోకమంతా చివరి బంటుని ముందుకి తోసి దాన్ని అదిలిస్తుంది. మావయ్య మాత్రం మంత్రి ముందున్న బంటుని ఒక్క గడి జరిపి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. నడిమి బంటుకి కాపలా దొరుకుతుంది గానీ, సొంత ఒంటెకి దారి మూసుకుపోతుంది.

"నీ ఒంటె ఇంట్లోనే ముసలిదైపోతోంది మావయ్యా."

"కానియ్. ఇంటిపట్టున ఒకరుండాలి."

ఆయన దర్జీ. ఇన్నాళ్లూ ఆ ఎత్తు తానొక్కడే ఆడుకున్నవాడు, ఈ ఏడాది మాత్రం అందరి మీదా పడ్డాడు. కొలతలకి చేతులు చాచి నిలబడ్డవాడు పారిపోలేడు కదా, వాడికి బోధ మొదలు. ప్యాంటు నెల ఆలస్యమైనా పాఠం ఆ పూటే అయిపోయేది.

సాయంత్రాలు కత్తిరింపు బల్ల మీద ఆడేవాళ్లం. నేను చివరి బంటు ముట్టుకుంటే చాలు, టేపుతో వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు.

"మంత్రి బంటు, అల్లుడూ."

"ఓడిపోతాను."

"ఓడిపో. ఎవడొద్దన్నాడు?"

మావయ్య ఆటకి జోడీ రైలు డ్రైవరు గారు. ఏళ్ల తరబడి ఆయనవి తెల్లపావులు, మావయ్యవి నల్లపావులు, అవే ఎత్తులు. పోయినేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ జ్ఞాపకం అక్కడక్కడా చిరిగింది. ఇంట్లో కొడుకుతో ఆడుతుంటే, వాడు చివరి బంటుని తోసేసరికి దారి తెలియక బోర్డు మూసేశారట. అప్పట్నుంచి గడప దాటలేదు.

ఒక సాయంత్రం ఆయన భార్య ఎలాగో ఒప్పించి కొట్టుకి తీసుకొచ్చింది. మావయ్య ఒకాయన్ని చేతులు చాపించి కోటు సరిచేస్తున్నాడు, నోటినిండా గుండుసూదులు. డ్రైవరు గారు నా ఎదుట కూర్చున్నారు.

"ఇదొక్క ఆటే. చేతకాకపోతే ఇంక నన్నెక్కడికీ రమ్మనకు," అన్నారు భార్యతో.

ఒంటెని తెచ్చి నా గుర్రానికి గురిపెట్టారు. నా చెయ్యి చివరి బంటు మీదికి పోయింది. మావయ్య అరవలేడు, కనుబొమలు మాత్రం నెత్తికెక్కాయి. మంత్రి బంటు జరిపాను.

ఆయన బోర్డుకేసి చాలాసేపు చూశారు. మెల్లగా మొహం విచ్చుకుంది.

"ఈ దారి నాకు తెలుసు," అన్నారు. ఆ తర్వాత చెయ్యి తడుముకోలేదు.

ఈయన ఎవరి ఎదుట కూర్చున్నా తెలిసిన దారే కనబడాలని మావయ్య ఊరందరికీ ఆ ఎత్తు నూరిపోశాడని అప్పుడు అర్థమైంది. మావయ్య మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

డ్రైవరు గారు నన్ను చిత్తుగా ఓడించి, "రేపు కూడా వస్తా," అన్నారు. మావయ్య సూదులు తీసి బోర్డు చూశాడు.

"నీ ఒంటె ఇంకా ఇంట్లోనే ఉంది అల్లుడూ."

"ఉండనీ మావయ్యా. డ్రైవరు గారు బయటికొచ్చారుగా."

మావయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వెనకనించి కోటాయన నెమ్మదిగా అడిగాడు.

"ఇక నేను చేతులు దించొచ్చాండీ?"