సాంచె బ్యాండు డ్రమ్మరుకు నేనిచ్చిన చార్టు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. ఊరు మారింది గానీ హోదా మారలేదు. ఆడియోమెట్రిస్ట్‌ను. చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి కింద పనిచేసే సాంకేతిక సిబ్బందిలో ఒకరిని. డాక్టరు చెవి లోపలికి చూస్తారు. ఆ చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచి కాగితం మీద పెట్టడం నా పని.

ఈ పనికి కావలసిన మొదటి గుణం ఓపిక. అది నాకు లేదు. కూర్చున్న చోట కూర్చోలేను, చేతులు ఊరికే ఉండవు, ఎదుటి మనిషి ముఖం చూడందే నాకు మాట తోచదు. ఇలాంటిదాన్ని తెచ్చి, చప్పుడు రాని గది ముందు రోజుకు ఆరేడు గంటలు కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చానో నాకే ఆశ్చర్యం.

పరీక్ష ఇలా ఉంటుంది. రోగి లోపలి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. మధ్యలో అద్దం కిటికీ. ఇవతల నేను, నా యంత్రం. మీట నొక్కితే ఒక చెవిలో 'కూ' అని సన్నని మోత వస్తుంది. వినిపిస్తే వేలు లేపాలి. లేపితే మోత తగ్గిస్తాను, లేపకపోతే పెంచుతాను. అలా ప్రతి స్థాయికీ, లావు గొంతు మోత నుంచి కీచు మోత దాకా, మనిషికి వినిపించే అతి చిన్న శబ్దం ఎంతో కనిపెట్టి చార్టు మీద గుర్తు పెడతాను. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. గుర్తులు పైన ఉంటే మంచి చెవి, కిందికి దిగేకొద్దీ చెడ్డ చెవి. ఇరవై అయిదు డెసిబెల్స్ దాకా నార్మల్ అంటాం.

ఒక నియమం ఉంది. రోగి నాకు పక్కవాటుగా తిరిగి కూర్చోవాలి. నా చేయి అతనికి కనబడకూడదు. శిక్షణలో మొదటి వారమే నేర్పుతారు. నేను మాత్రం కుర్చీని నాకెదురుగా వేయించుకున్నాను. ముఖాలు చూడాలన్న ఆరాటం, మరేం లేదు. ఎవరైనా అడిగితే, వృద్ధులు నిద్రపోతున్నారో లేదో కనిపెట్టడానికి అని చెప్పేదాన్ని.

బదిలీ అయిన రెండో ఏడాది గంగాధర్ వచ్చాడు. చొప్పదండి మనిషి. ఒకప్పుడు పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. మస్కట్ వెళ్లి ఒక హోటల్లో వంటపాత్రలు కడుగుతూ, అక్కడి వాద్యబృందంలో ఎవరో జబ్బుపడితే ఆ చోట్లో నిలబడి, ఆరేళ్లకు శాక్సోఫోన్‌తో, జాజ్ పిచ్చితో తిరిగొచ్చాడు. ఆదిలాబాద్ వైపు బోథ్ నుంచి మోతీరాం అనే కీబోర్డు మాస్టారును, వేములవాడ నుంచి రాజేశం అనే డ్రమ్మరును పోగుచేసి బ్యాండు కట్టాడు. దానికి ఇంగ్లిషులో ఏదో గొప్ప పేరు పెట్టాడు గానీ ఎవరి నోరూ తిరగలేదు. రాజేశం పగలు మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. అందుకని జనం వాళ్లను సాంచె బ్యాండు అన్నారు. ఆ పేరే నిలబడింది.

జాజ్ అంటే ఏమిటో నాకు గంగాధరే చెప్పాడు. ముందు అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు. ఆపైన వంతులవారీగా ఒక్కొక్కరూ ఆ వరస పట్టుకుని అప్పటికప్పుడు తోచినట్టు ఎటో వెళ్లిపోతారు. చివరకు అందరూ ఒకే దెబ్బకు మొదటి వరసలోకి తిరిగి రావాలి. వీళ్లు ఆ వరసలకు పెళ్లి ఊరేగింపు దరువులు, బోథ్ వైపు భజనల నడకలు కలిపారు. వేములవాడలో ఒక పెళ్లిలో మొదటిసారి వాయిస్తే పెళ్లివారు మధ్యలో ఆపించి సినిమా పాట అడిగారట. ఆ సంగతి గంగాధర్ నవ్వుతూనే చెప్పాడు.

అతను వచ్చిన పని రాజేశం గురించి.

"మేడం, నేను మొకం ఈ రాజేశం దిక్కు పెట్టి ఊదితే మంచిగనే వస్తడు. జర అటు మర్రి నిలవడితే చాలు, వరసలకు రాడు. చెవులు చూడుర్రి" అన్నాడు.

రాజేశం పక్కనే నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన, సన్నటి మనిషి. పదకొండేళ్లుగా సాంచెల మీద పని. ఇంటికొచ్చాక చెవిలో ఒకటే గుయ్యిమంటోందని, భయంగా ఉందని చెప్పాడు. బావమరిది నడిపే వార్పింగ్‌లో, అంటే మగ్గానికి పడుగు చుట్టే చోట, ఒక మనిషి అవసరం ఉందట. అక్కడ చప్పుడు తక్కువ. "చెవులు ఖరాబైనయంటే రేపే సాంచె ఇడిశిపెడ్త మేడం. డ్రమ్ము మాత్రం ఇడువ" అన్నాడు.

డ్రమ్మరు కదా అని నేను మహా జాగ్రత్త పడ్డాను. మోతకూ మోతకూ మధ్య విరామం ఒకేలా ఉంటే తాళం తెలిసిన మనిషి వినకుండానే లెక్క కట్టి వేలు లేపగలడు. అందుకని విరామాలు ఇష్టం వచ్చినట్టు మార్చాను. అతను ఒక్కటి కూడా తప్పలేదు. మోత తగ్గిస్తూ తగ్గిస్తూ సున్నా డెసిబెల్ దాకా పోయాను. వేలు లేస్తూనే ఉంది. ఎడమ చెవీ అంతే. చార్టు పైభాగాన స్కేలుతో గీసినట్టు ఒక గీత వచ్చింది.

పదకొండేళ్లు సాంచెల మధ్య నిలబడిన మనిషికి అలాంటి చెవి ఉండదు. అంత తిన్నని గీత చిన్నపిల్లలకు కూడా రాదు. నాకు అనుమానం రావాలి. రాకపోగా ముచ్చటేసింది. సంగీతం తెలిసినవాడి చెవి అంటే ఇదీ అని డాక్టరు గారికి చూపించాను. ఆయనకు ఆ రోజు రద్దీ. నా మాట మీద నార్మల్ అని సంతకం చేశారు.

"ఏం ఫికర్ లేదు, పో" అని రాజేశానికి నేనే చెప్పాను. అతని ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తే. వార్పింగ్ మాట మానేశాడు. అప్పటిదాకా నడిపే వాటికి తోడు ఇంకో రెండు సాంచెలు తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ తొమ్మిది నెలల్లో బ్యాండు వేగంగా ఎదిగింది. కరీంనగర్ కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. ఆదిలాబాద్‌లో వాయించారు, బోథ్‌లో మోతీరాం బంధువుల మధ్య వాయించారు. ఒక కాలేజీ హాల్లో మధ్యాహ్నం కార్యక్రమానికి నేనూ వెళ్లాను. అందరిలోకీ రాజేశమే నచ్చాడు. మొదట్లో మూడు తాళపు పళ్లేలు ఉండేవట, అంటే డ్రమ్ముల పైన కడ్డీలకు బిగించే ఇత్తడి బిళ్లలు. ఆ రోజు ఒకటే ఉంది. దాన్నీ ముట్టుకోలేదు. వాటి బదులు పెద్ద డోలు ఒకటి తెచ్చి కాలి దగ్గర పెట్టుకున్నాడు. పాట అంతా నేలలోంచి వస్తున్నట్టుంది. ఇదెక్కడి కొత్త శబ్దమని వెనక కూర్చున్న కుర్రాళ్లు ఉబ్బితబ్బిబ్బయ్యారు. అతని కళ్లు మాత్రం గంగాధర్ భుజాల మీంచి కదల్లేదు. శ్రద్ధ అనుకున్నాను. కీచు శబ్దాలు వినబడని మనిషి వాటిని వదిలేసి, ఒంటికి తగిలే శబ్దాల దగ్గరికి జరిగిపోతున్నాడని చెవులు కొలిచే నాకు తట్టలేదు.

హైదరాబాద్‌లో ఒక స్టూడియో వాళ్లను రికార్డింగుకు పిలిచింది. అక్కడ డ్రమ్ముల మోత మిగతా మైకుల్లో పడకుండా డ్రమ్మరును వేరే గదిలో, హెడ్‌ఫోన్లతో కూర్చోబెడతారు. రాజేశానికి గంగాధర్ కనబడలేదు. మూడుసార్లు వాయించారు. మూడుసార్లూ అందరూ వరసలోకి వచ్చేశారు, అతను ఒక్కడే ఎటో వాయిస్తూ ఉండిపోయాడు. వేరే డ్రమ్మరును తెచ్చుకోండని స్టూడియో వాళ్లు పంపేశారు.

గంగాధర్ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. వెంట రాజేశం, అతని భార్య భాగ్య, సంచిలో నేనిచ్చిన చార్టు. గంగాధర్ కోపంతో ఊగిపోతున్నాడు.

"గీ కాయిదంల అంత మంచిగనే రాసిన్రు మేడం. చెవులు మంచిగుండి గూడ రాలేదంటే ఏమనుకోవాలె? మనసు వెట్టలే అనుకోవాల్నా, తాగొచ్చిండనుకోవాల్నా? మోతీరాం బోథ్ వోయి కూసున్నడు. ఇంకో మనిషిని దేవులాడుకుంట నేను."

రాజేశం తాగడని భాగ్య ఒక్కతే అంది. అతనికి బ్యాండులో చోటు పోవడం దాదాపు ఖాయమైపోయింది. అందుకు సాక్ష్యం నా కాగితమే.

మళ్లీ కూర్చోబెట్టాను. మళ్లీ నాకెదురుగానే. మళ్లీ అదే గీత రాసాగింది, సున్నా మీద. నాకు చిరాకు ఎక్కువైంది. మీట మీదికి పోనిచ్చిన చేయి నొక్కకుండానే వెనక్కి తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాను.

రాజేశం వేలు లేపాడు.

మళ్లీ చేయి చాపాను, నొక్కలేదు. వేలు లేచింది. నేను లోపలికి వెళ్లి అతని కుర్చీని గోడవైపు తిప్పాను. వచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాను. లావు మోతలు బాగానే విన్నాడు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, కీచు మోతల చోట, అరవై అయిదు డెసిబెల్స్ దాకా పెంచితే గానీ వేలు కదలలేదు. చప్పుడులో పనిచేసేవాళ్ల చార్టులో గీత సరిగ్గా అక్కడే గుంట పడుతుంది. రెండు చెవులూ అంతే. పోయింది తిరిగి రాదు, మందు లేదు.

బయటికి రమ్మని, ఎందుకిలా చేశావని అడిగాను. గొంతు పెంచే అడిగాను.

అతను నిజంగానే తెల్లబోయాడు. "నేనేం మోసం జేయలే మేడం. మీరు చెయ్యి గదిపిన్రు, నేను ఏలు లేపిన. సాంచెలకాడ గట్లనే గద. అవుతల మనిషి చెయ్యి లేపితె పోగు తెగిందని, మూతి గదిపితె నూలు కండె తెమ్మని. చెవులతోని ఇనేటోడు ఎవడుంటడు గా షెడ్డుల?"

"మరి మోత వినిపించిందా లేదా?"

"వచ్చినట్టే అనిపించింది. మీరు నొక్కిన్రంటె వచ్చే ఉంటదనుకున్న."

భాగ్య అడ్డొచ్చింది. "ఇంట్ల గూడ ఎదురుంగ నిలవడితెనే ఇంటడు మేడం. మా బాపు గంతే, మా మామ గంతే. సాంచెలు నడిపేటోల్లందరు గంతే అనుకున్న."

షెడ్డులో పదిమంది ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ పని చేసుకుపోతారు. ఎవరికి ఎంత వినిపిస్తోందో ఎవరికీ తెలియదు, ఆ అవసరం రాదు. గంగాధర్ కూడా వరస తిరిగే ముందు భుజం ఎగరేసేవాడు. ఆ అలవాటుతోనే రాజేశం బ్యాండులో నెగ్గుకొచ్చాడు, నా గదిలోనూ నెగ్గాడు. గంగాధర్ కోపమంతా దిగిపోయింది. బెంచీ మీద కూలబడి, "నన్ను జూసుకుంటనే వాయించినవా ఇన్నొద్దులు?" అన్నాడు. రాజేశం తల ఊపాడు.

డాక్టరు గారు రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూశారు. తొమ్మిది నెలల్లో వినికిడి పడిపోయిందని రాసెయ్, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. ఆశ పుట్టలేదని చెప్పను. కానీ తొమ్మిది నెలల్లో సున్నా నుంచి అరవై అయిదుకు పడిపోయిన చెవి అంటే చప్పుడు జబ్బు కాదు, లోపల ఇంకేదో ఉందని అర్థం. ఆ కాగితం చూసిన ఏ పెద్దాసుపత్రి అయినా తలకు స్కానింగులు తీయిస్తుంది, అక్కర్లేని మందులు మింగిస్తుంది. నా పరువు కోసం అతన్ని అలా తిప్పడానికి మనసొప్పలేదు. రిజిస్టరులో పాత నమోదు పక్కన, రోగి పరీక్షకురాలి చేతి కదలికలు చూసి స్పందించాడు, కూర్చోబెట్టిన తీరు తప్పు, ఈ ఫలితం చెల్లదు అని రాసి సంతకం పెట్టాను. పై అధికారులు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. కుర్చీని పక్కకు తిప్పి నేలకు బోల్టులు వేయించాను.

రాజేశం వార్పింగ్‌కు మారాడు. గంగాధర్ వేరే డ్రమ్మరును వెతకలేదు. ఇంకో స్టూడియో చూసుకుని, అందరం ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని వాయిస్తాం, మైకుల్లో ఏది పడితే అది పడనీ అని పట్టుబట్టాడు. మోతీరాం కూడా కీబోర్డులో కీచు స్వరాలు తగ్గించి కిందికి దిగాడు. ఇప్పుడు వాళ్ల పాటలు ఫోన్లలో వింటున్నవాళ్లు ఆ బరువైన నడకను మెచ్చుకుంటూ, ఇది ఏ సంప్రదాయమని గంగాధర్‌ను అడుగుతుంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు.

నేను రిటైరయ్యే ముందు రాజేశం ఏటా జరిపే పరీక్షకు వచ్చాడు. గీత అక్కడే ఉంది, అంతకంటే కిందికి దిగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ మామూలుగా అడిగాడు. "మేడం, గా తొమ్మిది నెలలల్ల ఎంత వోయింది?"

చెప్పలేకపోయాను. దాచాలని కాదు. మొదటి చార్టు చెల్లనిది కాబట్టి పోల్చి చూడడానికి ఏమీ లేదు. అంతా అంతకు ముందే పోయి ఉండొచ్చు, సగం నా వల్ల పోయి ఉండొచ్చు. అదే చెప్పాను. విని, సరే మేడం అని వెళ్లిపోయాడు.

నా వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఒక్కటే. రాజేశం నా దగ్గరికి భయంతో వచ్చాడు. నేను పరీక్షే చేయకుండా పంపి ఉంటే ఆ భయంతోనే మర్నాడు సాంచె మానేసేవాడు. నా కాగితం చేసిన పనల్లా ఆ భయాన్ని తీసెయ్యడం.