కుడితిగోలెం పక్క మొక్క

గంజాయి మొక్క పూతకు వచ్చినప్పుడు వెలువడే కంపును చెప్పడానికి నేను చదివిన కావ్యాలలో ఒక్క సమాసమూ దొరకలేదు. పిల్లి మూత్రం, కుళ్ళిన మామిడిటెంక, తడిసి ఆరని కంబళి, ఈ మూడింటినీ ఒకే మూకుడులో వేడి చేస్తే దానికి కొంత దగ్గరగా వస్తుందేమో. బీభత్సరసానికి జుగుప్స స్థాయిభావమని టెక్కలి పాఠశాలలో పిల్లలకు ఏటేటా చెప్పేవాణ్ణి. ఆ మాటకు అర్థం మాత్రం మా పెరట్లో, పాతిక మొక్కల మధ్య, ముక్కుకు ఉత్తరీయం అడ్డుపెట్టుకొని తెలుసుకున్నాను.

అవి అరవైల చివరి సంవత్సరాలు. మా ఇల్లు కాశీబుగ్గ శివారున ఉండేది. పలాస వైపు నుంచి గాలి తిరిగితే జీడిపిక్కలు కాల్చే పొగ వచ్చి కళ్ళు మండించేది. నాన్నగారు వైద్యులు. తిన్నది ఒంట నిలవక, నెలల తరబడి విరేచనాలతో మనిషిని ఆర్చివేసే గ్రహణి రోగానికి ఆయన చేసే చూర్ణం ఉద్దానమంతటా పేరు పొందింది. అందులో గంజాయి పువ్వు పడుతుంది. దుకాణాలలో దొరికే సరుకంతా పుల్లలూ గింజలేనని, మందుకు మాత్రమే అన్న షరతు మీద అనుమతి తెచ్చుకొని, ఏటా పెరట్లో కొన్ని మొక్కలు వేసేవారు. ఆ జాతిలో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మగపువ్వు పుప్పొడి సోకితే ఆడపువ్వు గింజ కడుతుంది. గింజ కట్టిన పువ్వులో జిగురు చచ్చిపోతుంది, అది చూర్ణానికి పనికిరాదు. అందుచేత మగమొక్క విచ్చుకోకముందే గుర్తించి పెరికివేయాలి. అంతవరకూ ఆ పని నాన్నగారే చేసుకొనేవారు. ఆ యేడు ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. పని నా నెత్తిన పడింది.

నేర్పడానికి డొంకూరు నుంచి ఒక ముసలి పల్లెకారు వచ్చాడు. పడుచుతనంలో, సముద్రంలో చేపల వేట లేని రోజుల్లో, ఒరిస్సా వైపు సర్కారు అనుమతి ఉన్న గంజాయి తోటలో కూలికి వెళ్ళి, మగమొక్కలు ఏరే పని చేశాడట. అతని భార్యకు ఏడు నెలలుగా గ్రహణి. గంజి తప్ప ఏదీ ఇమడడం లేదు. నాన్నగారి దగ్గర పాత చూర్ణం అడుగంటింది. ఆ పాతిక మొక్కల పువ్వు చేతికి వస్తేనే ఆమెకు మందు. రాకపోతే మళ్ళీ యేడాదే. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నాకు అతడంటే కూడా రోతే కలిగింది. ఆనాటి నా పెంపకం అటువంటిది. ఒంటినిండా ఎండుచేపల వాసన. నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ తాగేవాడు; మాట్లాడవలసి వస్తే చుట్టను తీసి, బూడిదా లాలాజలమూ కలిపి కనకాంబరాల మడిలో ఉమ్మేవాడు. ఆ చేత్తోనే మొక్క కణుపును పైకెత్తి నన్ను దగ్గరకు రమ్మనేవాడు. నేను రెండు బారల దూరంలో ఆగిపోయాను.

"ఏటి బాబూ, అంత దూరం నించి సూత్తన్నారు, పెళ్ళిసూపులా? పెళ్ళిసూపులకైనా ఇంకాత్త దగ్గరకెల్తారు కదేటి," అన్నాడు.

అరుగుమీద కూర్చున్న నాన్నగారు నవ్వారు. తప్పనిసరై దగ్గరకు వెళ్ళాను. ఆకుకాడ కొమ్మను కలిసే చోట చూడమన్నాడు. కొన్నింటికి అక్కడ సన్నని తొడిమలకు గుండ్రని మొగ్గలు, సజ్జగింజలంత, గుత్తిగా వేలాడుతున్నాయి. అది మగది. అది ముందే ఏపుగా ఎదిగి, ఆకు పలచబడి, పొరుగువాళ్ళ మీద దుమ్ము రాల్చడానికి మెడ చాచుకొని నిలబడుతుందట. మరికొన్నింటికి అదే చోట తొడిమ లేని, కొనదేలిన మొగ్గ, దాని నోట్లోంచి తెల్లని రెండు వెంట్రుకలు. అది ఆడది. ఇంతవరకూ పంచాంగం చూసినంత తేలిక అనిపించింది. అప్పుడతడు మూడో రకం ఉందన్నాడు. చూడటానికి అచ్చంగా ఆడమొక్కే. తెల్లని వెంట్రుకలన్నీ ఉంటాయి. కానీ ఎక్కడో కింది కొమ్మలో, గుత్తి కడుపులో, అరటికాయ ఆకారపు పసుపుపచ్చని పుప్పొడి తిత్తులు రెండు మూడు దాచుకొని ఉంటుంది. పైకి కనబడదు. గుత్తిని వేళ్ళతో విప్పి చూడాలి. అటువంటిది ఒక్కటి మిగిలినా మడి మొత్తం గింజే. దెబ్బతిన్న మొక్కే ఎక్కువగా అలా మారుతుందట.

మా పెరట్లో దెబ్బతిన్న మొక్క ఒక్కటే ఉంది. పశువులశాల మూల, కుడితిగోలెం పక్కన. వర్షాకాలంలో పెయ్య దాని తల కొరికివేసింది. వెళ్ళేముందు అతడు దానిమీద చెయ్యి వేసి, దీన్ని పీకివేయాలంటే పీకివేయవచ్చుననీ, కానీ నిలబడితే మంచి గుత్తులు ఇస్తుందనీ, రోజూ ముట్టి చూడగలనంటే ఉంచమనీ అన్నాడు. పువ్వు ఎంత ఎక్కువైతే అంత మేలని అతని ఆశ. చూడగలనని చెప్పినవాణ్ణి నేనే.

మొదటి వారం చూశాను. పదకొండు మగమొక్కలు పెరికి గోతిలో పూడ్చాను. జిగురు వేళ్ళకు నల్లగా పట్టింది. కుంకుడుకాయ రసానికి పోలేదు, మట్టికి పోలేదు. నూనె రాయమని ముసలివాడు చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తు రాలేదు. సంధ్యావందనానికి ఆచమనం చేయబోతే అరచేతిలో అదే కంపు. అన్నం కలుపుకుంటే అదే కంపు. అమ్మ ఆ పువ్వు శుద్ధికి వాడే పాలగిన్నెను గోడ అవతల బోర్లించి, ఆ మొక్కలను ముట్టినవాళ్ళు వంటింటి గడప తొక్కరాదని చెప్పింది. రెండో వారంలో నా పద్ధతి నేను మార్చుకున్నాను. ఉదయం స్నానం చేసి, మడిబట్ట కట్టుకొని, టెక్కలి బస్సుకు బయలుదేరే ముందు దొడ్డిగుమ్మంలో నిలబడి మొక్కలను పరికించేవాణ్ణి. మడితో ఉన్నవాడు వాటిని ముట్టకూడదు కదా అన్న సమాధానం సిద్ధంగా ఉండేది. మొక్కలన్నీ తెల్లని వెంట్రుకలతో ఆడవిగానే కనిపించేవి.

కుడితిగోలెం మూలకు అసలే పోలేదు. పులిసిన గంజి, తవుడు, కూరగాయల తొక్కలు, పైన ముసిరే ఈగలు, కింద పేడనీళ్ళ బురద. ఒకరోజు గుమ్మంలోంచే ఆ మొక్క కింది గుత్తిలో ఏదో పసుపుపచ్చగా కనబడింది. పండుటాకు అయివుంటుందని అనుకున్నాను. కావాలనే అలా అనుకొంటున్నానని నాకు తెలుసు. చెప్పుల్లేకుండా ఆ బురదలో దిగి, ఆ గుత్తిలో వేళ్ళు పెట్టి చూస్తే గాని తేలదు. బస్సుకు వెళ్ళిపోయాను.

పుష్యమాసంలో నాన్నగారు తడుముకుంటూ మడిలోకి వచ్చి, ఒక గుత్తిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు. మరొకటి నలిపారు. చూపు పోయినా ఆ వేళ్ళకు అన్నీ తెలుసు.

"గింజ పట్టిందిరా. రోజూ ముట్టి చూశావా?"

"చూశానండీ," అన్నాను.

ఆ మాట నా నోటివెంట ఎంత సునాయాసంగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మీద అసహ్యం పేరుకుంటుంది.

మూడో రోజున ముసలివాడు వచ్చాడు. వరుసగా ఒక్కొక్క మొక్కనూ విప్పుకుంటూ పోయి, చివరికి కుడితిగోలెం దగ్గర బురదలో గొంతుక్కూర్చున్నాడు. కింది గుత్తిని చీల్చాడు. లోపల ఎండి రాలిపోయిన పసుపు తిత్తులు. నా వైపు చూశాడు. నా పాదాల వైపు చూశాడు. ఆ మొక్క మొదట్లో అతనివి తప్ప ఒక్క అడుగుజాడ లేదు. నాన్నగారు అరుగు మీదినుంచి ఏమిటని అడిగారు.

"ఇది మాయదండి అయ్యగారూ. నాకే దొరకదు, బాబుకేటి దొరుకుతాది," అన్నాడు.

నన్ను కాపాడాడు. నాకు కృతజ్ఞత కలగలేదు. అతని దయ కూడా చేపల వాసన వేస్తున్నట్టు అనిపించి, దానికి నేను రుణపడ్డానన్న తలంపు మరింత వెగటు పుట్టించింది. నాన్నగారు లోపలికి వెళ్ళాక అతడు చుట్ట తీసి, ఈసారి ఉమ్మకుండా, మెల్లగా అడిగాడు.

"మా ముసిల్ది ఇప్పుడేటి తినాలి బాబూ?"

ఆనాటి నుంచి నాలుగు రోజులు బడికి సెలవు పెట్టి, ఆ మూల మొక్కతో సహా మిగిలిన మొక్కల గుత్తులన్నీ వేళ్ళతో విప్పాను. చివరి కొమ్మల్లో ఆలస్యంగా పూసినవాటిలో గింజ పట్టనివి కొన్ని ఉన్నాయి. కంపు తలకెక్కి రెండుసార్లు వాంతి చేసుకున్నాను. నాలుగు రోజులకు చేరింది గుప్పెడు. నాన్నగారు దాన్ని గుడ్డలో మూటగట్టి పాలలో ఉడికించి, నేతిలో వేయించి, చూర్ణం చేసి, నెలకు సరిపోతుందన్నారు.

పొట్లం నేనే డొంకూరు తీసుకువెళ్ళాను. సముద్రం ఒడ్డున తాటాకు గుడిసె. ఆమె చాప మీద, ఎండిన కొబ్బరిమట్టలా ఉంది. గుడిసెలోని వాసన చెప్పను. మందు ఎలా వాడాలో గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. లోపలికి వెళ్ళలేదు. ఆమె పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకొని బరువు చూసింది.

"మళ్ళీ ఎప్పుడు తెత్తారు బాబూ?"

"కార్తీకం వెళ్ళాక."

ఆమె మొగుడి వైపు తిరిగి నవ్వింది. "ఇన్నావా, కార్తీకమట. అందాకా ఉండమంతన్నారు బాబు."

అతడు నవ్వలేదు. వల అల్లుకుంటున్నాడు.

ఆమె ఎండలు ముదరకముందే పోయిందని ఇచ్ఛాపురం నుంచి వచ్చిన రోగి ఒకడు చెప్పాడు. పొట్లం నెలరోజులకు సరిపోయింది. ఆ నెల ఆమె అన్నం తిన్నదట. మరుసటి కార్తీకంలో నేను స్నానానికి ముందే మడిలోకి దిగాను. ప్రతి కణుపూ, ప్రతి గుత్తీ, గోలెం మూలతో సహా, ముట్టి చూశాను. గింజ పట్టలేదు. పువ్వు పుష్కలంగా వచ్చింది. డొంకూరు నుంచి ఎవరూ రాలేదు. చేతులకు నూనె రాసి కడుక్కున్నాను. జిగురు వెంటనే వదిలింది. కంపు మాత్రం నాకు నిరుటికంటే ఏమీ తగ్గలేదు.