దాటేసిన వానలు

నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలోనే అయినా, చదవడం మీద పిచ్చి పట్టింది మాత్రం బీడీల చాటల మధ్య. మధ్యాహ్నమయ్యేసరికి వాడకట్టు ఆడవాళ్ళంతా మా అరుగు మీదికి చేరేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవుల కోసం నన్ను పట్టుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టింది మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడే బడి మాన్పించి చేతికి కత్తెర ఇచ్చారు. నేర్చిన నాలుగు అక్షరాలు మర్చిపోయింది గానీ కథల మీద ఆకలి మాత్రం పోలేదు. వారపత్రిక ఎవరింట్లో ఉన్నా, ఎంత నలిగినా, అడిగి తెచ్చేది.

వారం వారం సీరియల్ నేను పైకి చదవాలి, వాళ్ళు బీడీలు చుడుతూ వినాలి. జీతం లేని నా మొదటి కొలువు అది. కష్టాలు కూడా ఉండేవి. కథలో అత్త కోడల్ని ఒక మాట అంటే, ఆ మాట చదివినందుకు నామీద కస్సుమనేవాళ్ళు.

వాళ్ళకి ఒకటే తొందర, తర్వాత ఏమయిందని. రాసినాయన పాపం ఒక పేజీ నిండా వాన కురిపిస్తే వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

“ఆ చెట్లు చేమలు ఇడిసిపెట్టు బిడ్డా, ఆ పిల్ల ఇల్లు చేరిందా లేదా అది చెప్పు” అనేది అందరిలోకీ పెద్దావిడ.

నేను గొంతు సవరించుకుని, వాన మీంచి దూకి పిల్ల దగ్గరికి పోయేవాణ్ణి. కొన్నాళ్ళకు ఎవరూ చెప్పక్కర లేకపోయింది. మబ్బు పట్టిందంటే చాలు, నా కళ్ళు వాటంతటవే ఆ పేరా దాటేసేవి. ఎక్కడ ఆపితే అక్కడ అక్క ఒక తునికాకు ముక్క పెట్టేది, కత్తిరించగా మిగిలిన అంచు. మర్నాడు పత్రిక తెరిస్తే ఒక్కోసారి మధ్య పేజీల్లో ఇంకో రెండు మూడు ముక్కలు కనిపించేవి. చాటలోంచి రాలాయనుకుని దులిపేసేవాణ్ణి. తంబాకు వాసన మాత్రం కాగితాన్ని వదిలేది కాదు. కథలన్నిటికీ ఆ వాసనే ఉంటుందని చాలా ఏళ్ళు నమ్మాను.

అక్క పెళ్ళయి వేరే ఊరు పోయింది. ఇంటింటికీ టీవీ వచ్చింది. నన్ను చదవమని అడిగే దిక్కు లేక మనసులో చదవడం నేర్చుకున్నాను. మొదట్లో పెదాలు కదిలేవి, తర్వాత అవీ ఊరుకున్నాయి. లైబ్రరీలో పుస్తకాలు అర్థమైనవీ కానివీ అన్నీ మింగేశాను. ఇష్టం తగ్గలేదు, ఇంకా ముదిరింది. కానీ ఒక మంచి మాట తగిలినప్పుడల్లా తల ఎత్తి చూసేవాణ్ణి, ఎవరైనా ‘అయ్యో’ అంటారేమోనని. ఎదురుగా ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

బహ్రెయిన్ వచ్చాక (మా ఊరి లెక్కలో ఇదీ దుబాయే) మొదట సీఫ్‌లో ఒక మాల్‌లో క్లీనింగ్ పనికి కుదిరాను. అక్కడి పుస్తకాల షాపు అద్దాలు తుడవడం నా డ్యూటీ. లోపల అరబ్బీ, ఇంగ్లీషు పుస్తకాలు తళతళలాడేవి. ఒక్క తెలుగు అక్షరం లేని ఆ షాపు అద్దాల్ని అంత ప్రేమగా తుడిచినవాడు ఇంకొకడు ఉండడు. ఓవర్‌టైం ముగించుకుని హూరాలో రూముకు చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేది.

ఊరి నుంచి పుస్తకాలు తెప్పించుకుందామనీ చూశాను. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. లీవు మీద పోయినవాడు తన సామాను ఒక్కటే తెచ్చుకుంటే కుదరదు. రూములో ప్రతివాడి ఇంటి నుంచీ ఒక పొట్లం అతని అట్టపెట్టెలోకి ఎక్కాల్సిందే. బయల్దేరే ముందు పెట్టెను తూస్తారు. బరువు ఎక్కువైతే ఏది తీసేయాలన్నది పెద్ద పంచాయితీ. మామిడికాయ తొక్కు తియ్యరు, సకినాలు తియ్యరు, ఎండుచేపల జోలికి అసలే పోరు. తీసేది నా పుస్తకాన్నే.

“కాయిదాలే గద భాయ్, మల్లోసారి తెస్త తియ్యి” అన్నాడు అలా తీసేసి వచ్చిన ఒకాయన, మా ఇంటి తొక్కు డబ్బా నా చేతిలో పెడుతూ. కోపం వచ్చింది. తొక్కు బాగుంది. రెండూ నిజమే.

ఇప్పుడు ఒక ఇంట్లో డ్రైవర్‌ని. కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన కూతుర్ని సఖీర్‌లో యూనివర్సిటీ దగ్గర దించి, క్లాసులు అయ్యేదాకా పార్కింగ్‌లో కాచుకుని, మళ్ళీ ఇంటికి చేర్చాలి. డ్రైవర్ పనంటే సగం నడపడం, సగం కూర్చోవడం. చుట్టూ ఇసుక. ఫోన్‌లో ఎవరో పంపిన పాత నవలలు ఉన్నాయి. చిన్నప్పుడు ఇంత ఖాళీ దొరికితే పండగ చేసుకునేవాణ్ణి. ఇప్పుడు రెండు పేజీలకే చూపు జారిపోతుంది. తర్వాత ఏమయిందన్న ఆత్రం లేదు. పిల్ల ఇల్లు చేరుతుంది, లేదా చేరదు. నలభై దాటినవాడికి రెండూ చూసిన సంగతులే.

విచిత్రమేమిటంటే, ఇప్పుడు నన్ను ఆపేవి అప్పుడు దాటేసిన చోట్లే. నానిన మట్టిగోడ, చూరు కింద పెట్టిన బిందె, తడిసిన బర్రె వీపు మీద లేచే ఆవిరి. ఇక్కడ వాన చలికాలంలో ఎప్పుడో ఓసారి వచ్చి, రోడ్లను కంగారు పెట్టి పోతుంది. అందుకేనేమో నవల్లో చినుకు పడితే అక్కడే కూర్చుండిపోతాను. చదివి, తల ఎత్తుతాను. ఎదురుగా స్టీరింగు. వినడానికి ఒక్క మనిషి ఉంటే నా చదువు నాకు తిరిగొస్తుంది, లేకపోతే ఈ మిగిలింది కూడా ఆరిపోతుంది అని భయం పట్టుకుంది. ఆ మనిషి కోసం ఎంత మొహం వాచిపోయానో నాకే తెలుసు.

అలాంటి రోజుల్లో ఒకనాడు, పార్కింగ్‌లో ఉండగా, అక్క ఫోన్ చేసింది. ఇంకా బీడీలు చేస్తూనే ఉంది. కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

“టీవీ పెట్టుకోకపోయినవా అక్కా” అన్నాను.

“దాన్ని సూసుకుంట కూసుంటే బీడీలెవరు చేస్తరు? అది కండ్లు గుంజుతది. నువ్వు సదివితే చెవులే గద పోయేది. ఏదన్న కథ సదువు తమ్మీ. శానా దినాలాయె” అంది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అందులోనే నవల తెరిచాను. చదివే నా గొంతు విని నాకే సిగ్గేసింది. మొదటి పేరా తడబడ్డాను. రెండో పేరాకు పాత దారి దొరికింది. అక్క ఊ కొడుతోంది. మూడో పేజీలో పెళ్ళికూతురు బండి ఎక్కింది, వాన మొదలయింది. నేను పాత అలవాటున గొంతు సవరించుకుని, బండి ఊరు చేరిన చోటికి పోయాను.

కత్తెర ఆగింది.

“ఆగు. ఏందో దాటేసినవ్.”

“ఎట్ల తెలిసింది?”

“గొంతు సవరిస్తివి గద. నువ్వు చిన్నప్పటి సంది గంతే. ఏముండె ఆడ?”

“వాన.”

“సదువు మల్ల.”

“మీకు చెట్లు చేమలు వద్దు గదక్కా.”

“నేనెప్పుడన్ననురా? పెద్దోళ్ళు వద్దందురు. వాళ్ళ ముంగట నేనేమంటి? పక్కపొంటి కూసుండి, నువ్వు దూకిన పేజీలల్ల ఆకుముక్కలు పెడుతుంటి, ఎన్నడన్న ఒక్కనాడు నీతోని సదివిచ్చుకుందామని. తెల్లారి నువ్వు అన్ని దులిపేస్తుంటివి.”

ఏడుపు వచ్చింది. కారు నల్లటి అద్దాలు ఎక్కించే ఉన్నాయి గనుక ఎవరూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని వాన దగ్గరికి వెనక్కి పోయాను. మెల్లగా, ఒక్క చినుకూ వదలకుండా చదివాను. అక్క ఊ కొట్టడం కూడా మానేసి వింటోంది. ఆ పేజీ అయ్యేదాకా కత్తెర మళ్ళీ కదల్లేదు. నేను చదువుతూ చదువుతూ తల ఎత్తలేదు.

ఇంతలో కఫీల్ కూతురు వచ్చి కారు అద్దం మీద తట్టింది.

“అక్కా, పోవాలె. మల్ల రేపు సదువుత.”

“మంచిది. ఆకు పెట్టు” అంది.

ఫోన్‌లో ఆకు ఎక్కడ పెడతాను?

“పెట్టిన” అన్నాను. “ఈసారి దులపనక్కా.”