గాజు ఫ్రేములో ఏడింటి పడవ

మీరు సొందోస్‌ని ఒక్కసారైనా కలిసి తీరాలి. సముద్రం ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్నంలో కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. కెర్కెన్నా దీవుల పిల్ల, నేనూ అక్కడివాణ్ణే. దీవికీ స్ఫాక్స్‌కీ మధ్య తిరిగే పెద్ద పడవ వేళలు చెప్పే సైటును మా దీవి సంఘం తరఫున సొందోస్, నేను, ఇంకొకతను, ముగ్గురం నడిపేవాళ్ళం. జీతం లేదు. కోడ్ అంతా నెట్‌లో ఒకేచోట ఉండేది, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు దిద్దేవాళ్ళం. ఆరేళ్ళుగా సొందోస్‌కి దీవితో మిగిలిన బంధం అదొక్కటే.

పోయిన చలికాలం నేనొక మార్పు నేరుగా సైటులో పెట్టేశాను. గాలివానకి పడవలు రద్దయిన రోజే పేజీ మొత్తం ఖాళీ అయిపోయింది. రేవులో జనం తడిసి ముద్దయ్యారు. సంఘం పెద్ద మొన్సెఫ్ ఫోన్ చేశాడు.

"మీ సైటు కంటే ఆక్టోపస్‌లు పట్టడానికి మేం సముద్రంలో దించే కుండ నయం. పైకి లాగితే ఏదో ఒకటి ఉంటుంది. ఇంకొక్క తప్పు జరిగిందంటే మూసేస్తా."

దాంతో సొందోస్ ఈ పని నెత్తికెత్తుకుంది. ఇకనుంచి ఎవరు ఏ మార్పు పంపినా అది అసలు సైటులోకి వెళ్ళదు. ఆ మార్పుతో ఒక తాత్కాలిక పేజీ దానంతటదే తయారై, లింకు మాకు వచ్చేస్తుంది. చూసి, బాగుందనుకుంటేనే అసలు సైటులో కలుపుతాం. రాయాల్సింది పాతిక లైన్ల ఫైలు, అంతే. మధ్యాహ్నం హరీసా కారం పూసిన రొట్టె ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో టైపు చేసేది. పంపేది, తప్పుందని ఎర్ర గుర్తు వచ్చేది. మళ్ళీ పంపేది, మళ్ళీ ఎర్ర గుర్తే. పంతొమ్మిదోసారి పచ్చ గుర్తు వచ్చింది. నాకు ఫోన్ చేసి ఊరికే నవ్వింది. ఆ నవ్వు మీరు వినాల్సింది.

మొదటి లింకు మా దీవిలో రమ్లా ఊళ్ళో కాఫీ కొట్టు నడిపే అమ్ బెషీర్‌కి పంపింది. అమ్ అంటే బాబాయ్. ఊరందరికీ ఆయన బాబాయే. మా దీవిలో పెద్దవాళ్ళు ఫోన్లో సైటు చూడరు. అమ్ బెషీర్ వారం వారం వేళల పేజీ ప్రింటు తీసి గోడకున్న గాజు ఫ్రేములో పెడతాడు, అందరూ అదే చదువుతారు. సొందోస్ వాళ్ళ కోసమే అక్షరాలు పెద్దవి చేసింది. పరీక్షకని వేసవి వేళలు నింపి, పైన "ఇది నమూనా, ఈ వేళలు నిజం కావు" అని ఎర్ర పట్టీ పెట్టింది.

"అమ్ బెషీర్, అక్షరాలు కనిపిస్తున్నాయా?"

"కనిపించడమేంటి తల్లీ, గుమ్మం దగ్గర్నుంచే చదివేస్తున్నా. కళ్ళద్దాలతో బతికేదానివి, జనానికి అవి అక్కర్లేకుండా చేస్తున్నావ్. మీ షాపాయన నిన్ను తరిమేస్తాడు చూడు."

"అయితే బాగుందంటావా?"

"బాగుంది. ఇదే ఉంచెయ్."

బాగుంది కదా అని ఆయన దాన్నే ప్రింటు తీసుకున్నాడు. ఫ్రేము పొట్టిది. అందుకని పేజీ పైనుండే సంఘం బొమ్మని ఎప్పుడూ కత్తిరించేస్తాడు. ఈసారీ కత్తిరించాడు. బొమ్మతోపాటు ఎర్ర పట్టీ కూడా పోయింది.

వేసవిలో ఆఖరి పడవ ఏడింటికి, చలికాలంలో అయిదుకే. అప్పుడింకా చలికాలమే. ఆ ఆదివారం మా దీవి సిదీ యూసెఫ్ రేవులో పద్నాలుగుమంది లేని పడవ కోసం నిలబడ్డారు. వాళ్ళలో నెయిలా ఒకతి. మర్నాడు పొద్దున్నే స్ఫాక్స్‌లో ఆమెకి నర్సు కోర్సు ప్రవేశ పరీక్ష. మొదటి పడవ పట్టుకుని వెళ్ళేసరికి పరీక్ష హాలు గేటు మూసేశారు.

సొందోస్‌నీ నన్నూ పిలిపించి పంచాయితీ అమ్ బెషీర్ కొట్లోనే పెట్టారు.

"నమూనా అని రాశానంటున్నావు. ఏదీ, ఎక్కడుంది?" అన్నాడు మొన్సెఫ్, గోడకున్న ఫ్రేము చూపిస్తూ.

"పాపం, రాద్దామనుకుని మర్చిపోయుంటుందిలే. మనం మర్చిపోమా?" అన్నాడు అమ్ బెషీర్, ఆమె ముందు కాఫీ పెడుతూ. పట్టీ తన కత్తెరకే పోయిందని నిజంగానే ఆయనకి తెలీదు.

"మర్చిపోయినవాళ్ళు మా పిల్లకి ఏడాది తిరిగిస్తారా?" అన్నాడు నెయిలా వాళ్ళ నాన్న.

కత్తిరించిన ముక్కల వెనకవైపు అమ్ బెషీర్ కాఫీల లెక్క రాసుకుంటాడు. అలాంటి ముక్కొకటి సొందోస్ గ్లాసు కిందే ఉంది. అంచున ఎర్రగా కనిపిస్తోంది. ఆమె దాన్ని చూసింది, నేనూ చూశాను. మెల్లగా అరచెయ్యి దానిమీద పెట్టింది.

"మర్చిపోయాను," అంది.

సైటు ఆ వారమే మూసేశారు. స్ఫాక్స్‌కి తిరుగు పడవలో ఉండబట్టలేక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తే? నెయిలా వాళ్ళ నాన్న రోజూ ఆ కొట్లోనే కూర్చుంటాడు. అమ్ బెషీర్ ఇంక తలెత్తుకోగలడా?"

"ఆరేళ్ళ పని పోయింది కదా."

"పోయింది."

ఆ తర్వాత ఆమె దీవికి రాలేదు. పిలిచినా రాదు. మొన్న నేను ఊరికే, ఇంకా నెట్‌లోనే ఉన్న ఆ కోడ్‌లో ఒక అక్షరం మార్చి పంపాను. కాసేపటికి లింకు వచ్చింది, ఎర్ర పట్టీతో సహా. చూసేవాళ్ళే లేరు.

ఆ ముక్క మీ అరచేతి కింద ఉంటే, మీరైతే ఏం చేసేవారు?