ఊరొస్తె ఎచ్చబడే గ్రిప్పులు

రెండు ముక్కల్ల చెప్పి లేస్త, మీ చాయ్ సల్లారక ముందే అయిపోతది. బండి హ్యాండిల్ ఎచ్చగ చేసుకుందామని పోయి ఇస్నాపూర్ మొత్తాన్ని నిద్రలేపిన. గంతే.

కాకపోతే ముందు మా మల్లేశం బావ సంగతి చెప్పాలె. హత్నూరల మోటర్ వైండింగ్ చేస్తడు. ఆయన బాగుచేసిన మోటరు తిరుగుతది. ఉల్టా తిరుగుతది, గదొక్కటే. గసొంటోనికి నా బండి అప్పజెప్తనా?

బండికేమైందంటరా? ఏం గాలే. చలి. పటాన్‌చెరుల నాది ఆరు గంటల షిఫ్టు. హత్నూర నుంచి బయలెల్లితె ఇస్నాపూర్ వచ్చేసరికి వేళ్లు నాయి కావు. ఆడ ఆగి చాయ్ గ్లాసు రెండు చేతుల పట్టుకుంటెగాని బ్రేకు ఒత్తరాదు. గా చాయ్‌తోనే రెండు లేట్ మార్కులు పడ్డయి. "నర్సిములూ, మూడోది పడితె పర్మనెంట్ లిస్టుల నీ పేరుండదు" అని సూపర్‌వైజర్ సాబ్ నవ్వుకుంటనే చెప్పిండు. ఆయన ఏదైనా నవ్వుకుంటనే చెప్తడు.

గప్పుడే మా ప్లాంటుల మెషిన్ బిగించనీకొచ్చిన చలిదేశపు ఇంజనీరు పోతపోత నాకొక ప్యాకెట్ ఇచ్చిండు. హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు గ్రిప్పులు! లోపల తీగలుంటయి, బ్యాటరీ కరెంటు తగిలితె ఇస్త్రీపెట్టె లెక్క ఎచ్చగైతయట.

ఆదివారం పాతయి కోసేసి, కొత్తయి సబ్బునీళ్లు పెట్టి ఎక్కించిన. మల్లేశం బావ వచ్చి గోడకానుకొని నిలబడ్డడు.

"బామ్మర్దీ, నువ్వు పట్టుకున్న గా వైరు దేనిదో ఎరుకేనా?"

"కరెంటుది."

"కరెంటుదే. యాడికి పోతదో సూస్తివా?"

"నీ మోటర్లు సూసుకో బావా. ఇది ఉల్టా తిరిగేది కాదు."

ఆయన పోయిండు. హెడ్‌లైట్ కింద చేతికందిన గా వైరుకే గ్రిప్పుల తీగలు కలిపి టేపు సుట్టిన. మిట్ట మధ్యాహ్నం ఎండల ఏం తెలుస్తది, పొద్దుగాల చూద్దామనుకున్న.

సోమవారం తొవ్వల మొదటి ఊరొచ్చింది. గొర్లమంద అడ్డం. అవి జరిగేదాకా హారన్ కొట్టిన. అరె, చేతులు ఎచ్చగ! ఊరు దాటంగనే సల్లగ. రెండో ఊర్ల బర్రెలు. మళ్ల ఎచ్చగ! దాటినంక మళ్ల సల్లగ.

ఇదేందిరా? పొయ్యిలు ముట్టిస్తరు గద, ఊర్లల్ల గాలే ఎచ్చగుంటదేమో. లేకపోతే గా దేశపోళ్లు జనమున్నకాడనే పనిచేసేటట్టు తయారు చేసిండ్రా? మనసు ఆగలే. బండి మలుపుకొని ఎనక ఊర్లకు పోయిన. ఎచ్చగ కాలే. ఊరున్నది, బర్రెలు పోయినయి. అంటె ఊరు కాదు, బర్రెలా? బర్రెను చూస్తె నేనేం చేస్త? హారన్ కొడత. కొట్టి చూసిన.

ఎచ్చగ.

హారన్ వైరు! బావ అడిగింది గదే.

ఈ పరిశోధనతోని చాయ్‌కి కాదు, ఊపిరికే టైం లేదు. ఇగ చేతులు ఎచ్చగుండనీకి హారన్ మీదికెల్లి బొటనవేలు తియ్యకుంట ఇస్నాపూర్‌ల జొరబడ్డ. ఆడ కిరాయి రూముల్ల ఉండేటోళ్లను కంపెనీ బస్సు గిట్లనే పొడుగు హారన్ కొట్టి పిలుస్తది, ఒక్కొక్కడు లేసొచ్చేదాక ఆగుతది. తలుపులు దబదబ తెరిచిండ్రు. టిఫిన్ డబ్బలోడు, నోట్లె బ్రషున్నోడు, అంగీ ఉల్టా తొడిగినోడు, అందరు ఉరికొచ్చిండ్రు. మా షిఫ్టు సదానందం బండి తాళం గుంజుకున్నడు.

"బస్సేదిరా?"

"లేదు."

"మరి హారన్?"

"చేతులు సల్లగున్నయన్నా."

"చేతులు సల్లగుంటె హారనా? కాళ్లు సల్లగుంటె సైరన్ కొడతవా?"

నేను సమజు చేసేలోపల బస్సే వచ్చింది. తాళం నా మీదికి ఇసిరి అందరు ఎక్కిండ్రు. నా బండి కిక్కుకు అందుకునేసరికి బస్సు కనపడలే. గేటుకాడ నేను అయిదు నిమిషాలు లేటు.

సూపర్‌వైజర్ సాబ్ నవ్వుకుంట నా పేరు ముంగట మూడో మార్కు పెట్టిండు. పెట్టి, బస్సు దిగినోళ్ల దిక్కు మర్లిండు.

"ఇస్నాపూర్ బస్సు షిఫ్టు సైరన్ కంటె ముందు రావుడు నేనెన్నడు చూడలే. ఇయ్యాల మిమ్మల్ని ఎవడు లేపిండయ్యా?"

సదానందం నా దిక్కు వేలు చూపెట్టిండు.

సాబ్ మార్కు కొట్టేసిండు. "రోజు గిట్లనే రా" అన్నడు.

నెలాఖరుకు లిస్టు పెట్టిండ్రు. నా పేరుంది. మల్లేశం బావ టెస్టర్ పట్టుకొని వచ్చిండు, వైరు సక్కగ కలుపుతనని.

"ముట్టకు బావా" అన్న. "పర్మనెంట్ అయింది నేను కాదు, గా వైరు."