మందు పట్టిందన్న చెల్లెలు

ధన్వంతరి పాదాలకు మ్రొక్కి, ఆషాఢ శుద్ధ తదియనాడు మా చెల్లెలిని తలచుకొంటున్నాను.

పంటి నొప్పికి బుగ్గన లవంగం, దవడకు అదుముకొన్న కొంగు: అమరచింతలో ఆమె రూపమదే. గద్వాల పళ్ళ డాక్టరు చీము పట్టిందని పన్ను పీకాడు. వాపు తగ్గకపోతే పక్క పన్నూ పీకాడు. మందుబిళ్ళలు మారాయే గాని గుంట మానలేదు.

ఒకనాడు చాయ్ ఆమె గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోమన్నాను.

"కారుతుందా? నాకు తెల్వనే తెల్వదన్నా! పెదవి మొద్దువారింది, మందు పట్టింది. ఇగ నీ పరేషాన్ బంద్ చెయ్యి" అని నవ్వింది.

ఎముకలోని కంతి నరాన్ని నొక్కగా కలిగిన తిమ్మిరిని ఆమె స్వస్థత అనుకొంది.

ఆ తిమ్మిరి మాట విన్న వనపర్తి డాక్టరమ్మ వెంటనే హైదరాబాదుకు పంపింది. అక్కడ ముక్క తీసి పరీక్షిస్తే దవడ ఎముక క్యాన్సరని తేలింది. మాఘ శుద్ధ దశమినాడు సగం దవడ తీసివేశారు. వైశాఖ బహుళ విదియనాడు మా చెల్లెలు కన్నుమూసింది.